పీపాకి మూడో చెయ్యి

"నాన్నని చంపింది నేనే. రాసుకోండి," అంది పీపా కూతురు.

మా బామ్మర్ది అప్పటికే రాసుకుంటున్నాడు. పరీక్షలో జన్మకోసారి తెలిసిన ప్రశ్న వచ్చినవాడిలా, తల ఎత్తకుండా గీకేస్తున్నాడు.

"కాస్త ఆగరా, పెన్నుకి ఆయాసం వస్తోంది," అన్నాను కుర్చీ లాక్కుంటూ.

"బావా, ఇది ఇల్లు కాదు, స్టేషన్. ఇక్కడ నన్ను సార్ అనాలి."

"అలాగే సార్. వచ్చేటప్పుడు పాలు తెమ్మని మీ అక్క చెప్పింది సార్."

గుమ్మం దగ్గర కానిస్టేబుల్ నవ్వాపుకోలేక దగ్గు మీదకి తోసేశాడు.

మా ఆవిడ తమ్ముడే ఈ స్టేషన్‌కి ఇన్‌స్పెక్టర్. కూర్చుంటే ప్యాంటు మడత చెడుతుందని సగం పని నిలబడే చేస్తాడు. అందుకే 'ఇస్త్రీ' అని పేరు. నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. పెద్ద పనేం కాదు, వాడు మూసేసిన కేసుల్ని నేను తెరుస్తుంటాను, నేను తెరిచినవాటిని వాడు మూసేస్తుంటాడు. ఆ పొద్దున నన్ను తరిమింది పీపా భార్య. "మొగుడెలాగూ పోయాడు అన్నయ్య గారూ. పిల్ల కూడా జైలుకి పోతే నేనెవరికోసం పొయ్యి వెలిగించాలి?" అని ఫోన్లో ఒకటే ఏడుపు.

పీపా ఎవరో చెప్పక్కర్లేదు గానీ, టీవీ లేని ఇంట్లో పెరిగినవాళ్ళ కోసం చెప్తాను. పీపా, నిచ్చెన అని ఇద్దరు. ఒకడు పొట్టి, లావు. రెండోవాడు గోడలకి సున్నం కొట్టడానికి పనికొచ్చేంత పొడుగు. ఆదివారం సాయంత్రం ఈ ఇద్దరూ టీవీలో కనపడితే వీధిలో కుక్క కూడా ఉండేది కాదు. ఎన్నేళ్ళు ఆడినా ఒకటే ఆట. పీపా కడుపునిండా మెక్కుతాడు. నిచ్చెన గదిలోకి రాగానే మొహం వేలాడేసి, "ఒరేయ్ నిచ్చెనా, నేనింకా తినలేదురా!" అంటాడు. నిచ్చెన అయ్యో పాపం అని మళ్ళీ వడ్డిస్తాడు. ఆ రెండో వడ్డన పీపా నోట్లోకి పోదు. నిచ్చెన అటు తిరగ్గానే గళ్ళ కోటు లోపలి జేబులోకి పోతుంది. చూసేవాళ్ళందరికీ తెలుసు, నిచ్చెనకొక్కడికే తెలీదు. అదీ నవ్వు.

తర్వాత, టీవీలో ఎవరి పేరు ముందు పడాలని ఇద్దరికీ చెడింది. ఏళ్ళ తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పోయినేడు పీపా ఇంట్లో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె, అన్నాడు డాక్టరు. ఇప్పుడు తపాలావాళ్ళు, టీవీలో జనాన్ని నవ్వించినవాళ్ళ పేరున స్టాంపులు వేస్తున్నారు. స్టాంపు ఎక్కాలంటే ముందు పాడె ఎక్కాలి, అది వాళ్ళ రూలు. బతికున్నవాడి బొమ్మ వెయ్యరు. పీపాకి ఆ అర్హత వచ్చేసింది. రేపు పొద్దున అచ్చు మొదలు. ఇంట్లోవాళ్ళు చూసుకుంటారని నమూనా షీటు ఒకటి పంపించారు.

ఆ షీటు వచ్చిన మర్నాడే ఈ పిల్ల సంచీ పట్టుకుని స్టేషన్‌కి వచ్చి కూర్చుంది.

"సరేనమ్మా. ఎలా చంపావు?" అన్నాను.

"గుండె మాత్రతో బాబాయ్. రోజుకి ఒకటే వెయ్యాలి, రెండు పడితే ప్రాణానికే ముప్పు అని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు. ఆ సాయంత్రం అమ్మ ఊళ్ళో లేదు. నేనే ఫోన్లో మా ఆయనతో పోట్లాడుతూ ఇచ్చాను. ఇచ్చి మా ఇంటికి వెళ్ళిపోయాను. ఆ రోజే కొన్న కొత్త అట్ట. పొద్దున చూస్తే రెండు గుంటలు ఖాళీ."

"రెండోసారి ఇచ్చినట్టు గుర్తుందా?"

"లేదు."

"మరి?"

"గుర్తులేకపోవడమే కదా బాబాయ్ నా తప్పు!"

నేను కుర్చీ ఆమె దగ్గరకి జరుపుకున్నాను.

"ఏడాది నుంచీ ఎందుకు చెప్పలేదు?"

"అందరూ వచ్చి, తండ్రికి ఎంత సేవ చేశావమ్మా అనేవాళ్ళు. నేను తల దించుకునేదాన్ని. వాళ్ళు దాన్ని వినయం అనుకునేవాళ్ళు." తన కుడిచెయ్యి చూసుకుంది. "ఇప్పుడు స్టేజీ ఎక్కించి నాన్న స్టాంపు నా చేతికే ఇస్తారట. ఏ చేత్తో మాత్రలిచ్చానో ఆ చేత్తోనే తీసుకోవాలా?"

"విన్నావుగా బావా," అన్నాడు ఇస్త్రీ. "ముద్దాయే ఒప్పుకుంటోంది. నువ్వెళ్ళి పాలు పట్టుకెళ్ళు."

బల్ల మీద ఆ పిల్ల తెచ్చిన సంచీ ఉంది. అందులోంచి మాత్రల అట్ట తీసి పక్కన పెట్టాడు. సంచీలో ఇంకా గళ్ళ కోటు ఉంది. పీపా పోయిన పూట ఒంటి మీద ఉన్నది అదేనట. రెండూ కలిపి బీరువా అడుగున ఏడాదిగా దాచింది. స్టాంపుల షీటేమో బల్ల చివర బోర్లా పడి ఉంది.

"ఇది బోర్లా ఎందుకుందమ్మా?"

"నేనే పెట్టాను. ఆయన మొహం చూడలేను."

"అసలు ఒక్కసారి కూడా చూళ్ళేదా?"

తల అడ్డంగా ఊపింది. నేను షీటు తిరగేసి, ఇస్త్రీ కళ్ళజోడు లాక్కుని భూతద్దంలా పెట్టి చూశాను.

"బావా! నా కళ్ళజోడు!"

"నువ్వు పెట్టుకుని ఏం చూశావు గనక?"

స్టాంపు మీద పీపా, గళ్ళ కోటు వేసుకుని, రెండు చేతుల్తో పొట్ట పట్టుకుని పగలబడి నవ్వుతున్నాడు. బావుంది. కానీ ఎడమ భుజం మీద ఏదో ఉబ్బుగా ఉంది.

"సార్, మనిషికి ఎన్ని చేతులు సార్?"

"నీ జోకులకి టైము లేదు బావా."

"రెండు పొట్ట మీదున్నాయి. భుజం మీదున్న మూడోది ఎవరిది?"

వాడు వంగి చూశాడు. "అది కోటు మడత."

"మడతల సంగతి నీకు తెలిసినంత నాకు తెలీదు గానీ, గోళ్ళున్న మడత ఎక్కడైనా చూశావా?"

ఆ పిల్ల కూడా తెలీకుండానే ముందుకి వంగింది. వంగినది అలాగే బిగుసుకుపోయింది. వేలు స్టాంపు మీదకి వెళ్ళింది, చెయ్యి దగ్గరకి కాదు, కోటు గుండీల దగ్గరకి. అన్నీ గోధుమరంగు గుండీలు. ఒక్కటి మాత్రం నీలం.

"ఇది నేను కుట్టిందే," అంది.

"ఎప్పుడు?"

"ఆ సాయంత్రమే. పెట్టెలోంచి ఈ కోటు తీసి, ఎవరో వస్తున్నారు, గుండీ ఊడింది కుట్టమ్మా అన్నారు. ఎవరు నాన్నా అంటే నవ్వారు. నేను చిరాకులో ఉన్నాను, చేతికందిన గుండీ కుట్టి పడేశాను. ఈ వయసులో ఈ కోటేసుకుని ఎవణ్ణి నవ్విస్తావు నాన్నా అన్నాను." వేలు వెనక్కి తీసుకుంది. "నేను ఆయనతో అన్న ఆఖరి మాట అదే."

నేను సంచీలోంచి కోటు చెయ్యి పట్టుకుని బయటకి లాగాను. నీలం గుండీ అక్కడే ఉంది.

"చూశావా ఇస్త్రీ? షో రోజుల ఫొటో అనుకున్నారు అందరూ. కాదు. ఇది ఆఖరి సాయంత్రం, ఈ పిల్ల వెళ్ళిపోయాక తీసింది. అప్పటికి పీపా నవ్వుతూనే ఉన్నాడు, పక్కన ఇంకొకడున్నాడు."

"ఉంటే ఉన్నాడు! అట్టలో రెండు గుంటలు ఖాళీ. సాయంత్రానికి మేజిస్ట్రేటు గారి ముందు పెడతాను." కోటు నా చేతిలోంచి లాగేసి, మాత్రల అట్టతో సహా సంచీలో కుక్కి, లక్క కరిగించి సీలు కొట్టేశాడు. "ఇది ఇక కోర్టు ఆస్తి. చెయ్యెయ్యకు."

* * *

స్టాంపులు అచ్చేసే ప్రెస్సులో బొమ్మలు గీసే గది మేడ మీద. మెట్ల దాకా సిరా వాసన. పెద్ద బల్ల, దాని మీద వంగిన దీపం, దీపానికి అద్దం. బల్ల ముందు బొమ్మలావిడ. నడి వయసు, వేళ్ళకి నాలుగు రంగులు.

"తల్లీ, పీపా భుజం మీద చెయ్యి ఎవరిది?" అన్నాను ఉపోద్ఘాతం లేకుండా.

ఆవిడ ముందు తలుపు వైపు చూసింది, తర్వాత నా వైపు.

"మీకు కనపడిపోయిందా?" అంది.

"దాస్తే కదా కనపడకుండా ఉండటానికి!"

"దాచాననే అనుకున్నాను సార్. ఫొటోలో నిచ్చెన గారు పక్కనే ఉన్నారు. బతికున్న మనిషి కదా, ఉంచకూడదు. మనిషిని తీసేశాను. చెయ్యి తీద్దామంటే దాని కింద భుజం కనపడదు. ఫొటోలో లేనిది మేము కల్పించి గీయకూడదు. అందుకని చేతి మీద కోటు గళ్ళు వేసేసి మడతలా చేశాను. పెద్దసార్లందరూ చూశారు, ఒక్కరూ కనిపెట్టలేదు."

"ఫొటో ఎవరిచ్చారు?"

"ఆయనే, నిచ్చెన గారే. తన చెయ్యి పొడుగు కదా, తనే సాచి తీశారట. అన్ని ఫొటోల్లోనూ వాడు టీవీ నవ్వు నవ్వుతాడమ్మా, ఇందులో ఒక్కదాన్లోనే నిజంగా నవ్వాడు అన్నారు."

ఇంతలో మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇస్త్రీ. కోర్టుకి పోతూ దారిలో ఆగాడు. బావ ఒక్కడే కేసు తేల్చేస్తాడేమోనని కడుపుమంట. కిందకి చూస్తే జీపు, జీపు వెనక సీట్లో పీపా కూతురు, ఆమె పక్కన సీలు సంచీ.

"విన్నాను! నిచ్చెన అన్నమాట!" అన్నాడు నడుముకున్న బేడీలు తడుముకుంటూ. "ఆఖరి సాయంత్రం అక్కడుండి ఏడాదిగా నోరు మెదపలేదు. పాత పగ. అయిపోయింది కేసు."

"పొద్దున ఆ పిల్లతో అయిపోయింది, ఇప్పుడు వీడితో అయిపోయింది. సాయంత్రానికి నన్ను కూడా లోపలేస్తావేమో, మీ అక్కకి ఒక మాట చెప్పి రానీ." బొమ్మలావిడ వైపు తిరిగాను. ఆవిడ కుంచెని కడిగిందే కడుగుతోంది. "తల్లీ, నువ్వింకా ఏదో మింగుతున్నావు. కక్కేయ్."

"ఆయన రోజూ వచ్చి ఆ స్టూలు మీద కూర్చునేవారు సార్. ఇద్దర్నీ కలిపి వెయ్యమ్మా, మేము ఒక్కటే అనేవారు. రూలు ఒప్పుకోదంటే వినరు. మళ్ళీ వస్తారు. ఒకరోజు నాకు విసుగొచ్చి..." ఆగిపోయింది.

"విసుగొచ్చి?"

"అలా అయితే మీరు కూడా పోయి రండి సార్, కలిపే వేస్తాను అన్నాను." కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "ఊరికే అన్నాను సార్! ఆయన కూడా నవ్వారు!"

ఆ స్టూలు నేనే లాక్కుని కూర్చున్నాను.

"ఆ తర్వాత?"

సొరుగు లాగి ఒక బొమ్మ తీసింది. చుట్టూ పళ్ళ అంచుతో సహా స్టాంపే. పీపా పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు, పక్కన నిచ్చెన, భుజం మీద చెయ్యి. ఈసారి చెయ్యి చెయ్యిలాగే ఉంది. కింద పీపా పుట్టిన ఏడు, పోయిన ఏడు. నిచ్చెన కింద పుట్టిన ఏడు, ఒక గీత, గీత పక్కన ఖాళీ.

"ఆ ఖాళీ ఏంటి?" అన్నాడు ఇస్త్రీ.

"ఆయనే వదలమన్నారు. నాకు దాచుకోడానికి గీసిపెట్టమ్మా అన్నారని గీశాను. పైన పేర్లు కూడా రాయనివ్వలేదు, ఎవరిది ముందో తర్వాత చెప్తానన్నారు." కళ్ళు తుడుచుకుంది. "ఇందాక ఫోన్ చేశారు సార్. రేపు పొద్దున మెషిన్ ఎక్కేలోపు ఎప్పుడు చెప్పినా మార్చొచ్చా అమ్మా అని అడిగారు. పైనుంచి పర్మిషన్ తెచ్చుకున్నారేమో అనుకుని, మార్చొచ్చు సార్ అన్నాను."

ఇస్త్రీ ఇంకా బేడీలు సర్దుకుంటున్నాడు.

"అవి తర్వాత!" అని చొక్కా కాలరు పట్టుకుని లాగాను. జీవితంలో మొదటిసారి వాడి మడత నలిగింది, వాడు చూసుకోను కూడా లేదు. "ముందు జీపు తియ్యరా!"

* * *

నిచ్చెన ఇంటికి పట్టపగలే కిటికీ తెరలన్నీ వేసి ఉన్నాయి. తలుపు లోపల గడియ. ఇస్త్రీ కొట్టాడు, అరిచాడు, పోలీస్ అన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. తలుపు పాతకాలపు చెక్క, మా ఇద్దరి భుజాలు విరుగుతాయి గానీ అది విరగదు.

చిన్నప్పట్నుంచీ నాకు ఒకటే విద్య వచ్చు, పరాయి గొంతులు పట్టడం. ఈ విద్యతో బడి నుంచి నన్ను రెండుసార్లు గెంటేశారు. తలుపుకి నోరానించి, పీపా గొంతుతో ముక్కులోంచి లాగాను:

"ఒరేయ్ నిచ్చెనా! నేనింకా తినలేదురా!"

జీపులో పీపా కూతురు చెవులు మూసుకుంది. లోపల కుర్చీ పడిన చప్పుడు. తడబడుతూ అడుగులు. గడియ తీసిన చప్పుడు.

నిచ్చెన నిలబడ్డాడు. నున్నగా గీసిన గడ్డం, దువ్విన జుట్టు, ఒంటి మీద అతని గళ్ళ కోటు. షూటింగుకి తయారైనట్టు. కళ్ళు నన్ను దాటి, నా వెనక ఎవరి కోసమో వెతికాయి. ఎవరూ లేరు.

"నువ్వు వాడివి కాదు," అన్నాడు.

"కాదన్నా," అన్నాను. ఎన్నో అల్లరి పనులు చేశాను, దేనికీ సిగ్గుపడలేదు. ఆ మొహం చూశాక మాత్రం నా గొంతు నాకే అసహ్యం వేసింది.

అతన్ని తప్పించుకుని లోపలికి దూరాను. బల్ల మీద గ్లాసు నిండా నీళ్ళు, పక్కన మాత్రల అట్టలు. ఇంకా ఒక్కటీ చింపలేదు. అట్టలు నా జేబులో వేసుకుని, నీళ్ళు నేనే తాగేశాను. దాహం వేసి కాదు.

"ఆ సాయంత్రం ఏం జరిగింది?" ఇస్త్రీ గట్టిగానే అడిగాడు.

నిచ్చెన దాచడానికి చూడలేదు. అడిగేవాడి కోసమే ఏడాదిగా కాచుకున్నట్టున్నాడు.

"వాడే పిలిచాడు. వెళ్ళాను. కోటేసుకుని కూర్చున్నాడు దొంగ. ఇన్నేళ్ళ కోపం, ఆ నీలం గుండీ చూసి నవ్వొచ్చి పోయింది. ఫొటో తీసుకున్నాం. నేను బయల్దేరుతుంటే మాత్ర అడిగాడు. నా పిల్ల హడావిడిలో ఇవ్వడం మర్చిపోయిందిరా అన్నాడు. ఈ చేత్తోనే ఇచ్చాను." చెయ్యి చాపి చూసుకున్నాడు. "మర్నాడు వాళ్ళింటికి వెళ్ళేసరికి ఈ పిల్ల గుమ్మంలో కూర్చుని, మాత్ర వేసే వెళ్ళాను కదా, మాత్ర వేసే వెళ్ళాను కదా అని ఏడుస్తోంది. అంటే నాది రెండోది. చెప్దామని నోరు తెరిచాను. రాలేదు."

"పెదనాన్నా," అని వినపడింది.

పీపా కూతురు గుమ్మంలో ఉంది. ఎప్పుడు దిగి వచ్చిందో.

"నేను ఒక్కటే ఇచ్చానా?" అంది. మొహంలో తేలిక రావాలి కదా. రాలేదు. తన మీది బండరాయి ఎదుటివాడి గుండె మీద కనపడితే ఎవరికి తేలిక?

"ఒక్కటే ఇచ్చావమ్మా. రెండోది నాది," అని నిచ్చెన రెండు చేతులూ ఇస్త్రీ ముందుకి చాపాడు.

ఇస్త్రీ బేడీలు తీశాడు. నాకు ఎక్కడో ముల్లులా గుచ్చుకుంది.

"ఆగరా. అన్నా, మాత్ర ఎలా అడిగాడు? వాడి మాటల్లోనే చెప్పు. మొహం కూడా అలాగే పెట్టు."

నిచ్చెన నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. అయినా అన్నేళ్ళ అలవాటు కదా, మొహం దానంతటదే వేలాడింది.

"ఒరేయ్ నిచ్చెనా, నేనింకా వేసుకోలేదురా..."

అని, మిగతా మాట నోట్లోనే ఆగిపోయింది.

"నోట్లో వేసుకోవడం చూశావా?" అన్నాను.

"చెయ్యి నోటి దాకా పోయింది. నీళ్ళు తాగాడు. నేను గ్లాసు పెట్టడానికి..."

"గ్లాసు పెట్టడానికి?"

"అటు తిరిగాను," అన్నాడు నెమ్మదిగా.

పొద్దున ఆ కోటుని గుండీ దాకా చూసి ఆగిపోయిన వెధవని నేనే. "ఇస్త్రీ, సంచీ తే. సీలు చింపు."

"బావా, అది కోర్టు..."

"చింపరా నీకు పుణ్యం ఉంటుంది!"

వాడు పరిగెత్తి తెచ్చాడు. లక్క చిట్లింది. కోటు ఎడమ వైపు, లోపలి జేబు, వెడల్పుగా, లోతుగా, ఒక పళ్ళెం పట్టేంత ఉంది. ఇస్త్రీ చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా పోయింది. అడుగున తడిమి, తడిమి, ఆగాడు. చెయ్యి బయటకి తీసి అరచెయ్యి తెరిచాడు.

తెల్లటి మాత్ర. చుట్టూ నూలు పోగులు అంటుకుని ఉన్నాయి.

ఇస్త్రీ మాత్రని అట్టలో ఖాళీ గుంటకి ఆనించి చూశాడు. సరిగ్గా కూర్చుంది.

"అయితే నాన్న..." అంది పిల్ల.

"డాక్టరు చెప్పిందే నిజం తల్లీ. గుండె. టైమొచ్చింది, నవ్వుకుంటూ పోయాడు. మీరిద్దరూ ఇచ్చిన దాంట్లో ఆయన మింగింది ఒక్కటే, మింగాల్సింది కూడా ఒక్కటే."

నిచ్చెన ఆ మాత్ర వైపే చూస్తున్నాడు.

"దొంగ వెధవ," అన్నాడు. "చచ్చే రోజు కూడా నాకు చెప్పలేదు చూడు!" అని ఒక నవ్వు నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే విరిగింది. నిచ్చెనంత మనిషీ మోకాళ్ళ మీదకి కూలబడ్డాడు. పీపా కూతురు వెళ్ళి పక్కన కూర్చుంది. ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలీదు. ఏడాది మోసిన మూట దించమంటే, చేతులు అలాగే వంకరగా ఉండిపోయాయి.

ఇస్త్రీ బేడీలు నడుముకి పెట్టుకుని, నలిగిన కాలరు సర్దుకోబోయి, మానేశాడు.

నా ఫోన్ మోగింది. బొమ్మలావిడ. గొంతులో ప్రాణం లేదు.

"సార్... ఆయన..."

"ఉన్నాడమ్మా. ఇక్కడే, నా ముందే ఉన్నాడు."

అవతల భోరుమని ఏడుపు. అది తగ్గాక, "ఆ రెండో బొమ్మ చింపేస్తాను సార్," అంది.

నిచ్చెన చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు.

"చింపకు తల్లీ, సొరుగులో దాచిపెట్టు. ఆ ఖాళీ ఇంకొన్నాళ్ళు ఖాళీగానే ఉండనీ," అన్నాడు. తర్వాత ఎవరో పీక నొక్కి చెప్పిస్తున్నట్టు అన్నాడు: "పేర్లు అడిగావు కదా. వాడిదే ముందు రాయి."